పదిహేను బెడ్లు కావాలా, ఆరు గంటలు కావాలా?

ప్రశ్న: కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నాను. జనరల్ వార్డులో 40 బెడ్లు, ఐసీయూలో 8. వార్డులో రోజుకు సగటున 9 అడ్మిషన్లు, ఒక్కొక్కరూ సగటున 4 రోజులు ఉంటారు. మధ్యాహ్నం వేళ క్యాజువాలిటీలో స్ట్రెచర్ల మీద పేషెంట్లు, రాత్రికి చూస్తే నాలుగైదు బెడ్లు ఖాళీ. ఐసీయూ ఆది, సోమ, మంగళవారాల్లో నిండిపోతుంది, గురువారానికి సగం ఖాళీ. యాజమాన్యం పై అంతస్తులో 15 బెడ్లు వేద్దామంటోంది. మరోవైపు నర్సులు డబుల్ డ్యూటీలు చేయలేక వెళ్లిపోతున్నారు. ఇలాంటివాటికి ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న వనరులను లెక్కలతో సర్దుకునే శాస్త్రం) పనికొస్తుందని విన్నాను. మా స్థాయి ఆసుపత్రికి అది అవసరమా? సాఫ్ట్‌వేర్ ఖర్చు ఎంత?

సమాధానం: ఖర్చు సంగతి ముందు తేల్చేద్దాం. మీ సమస్యకు ఎక్సెల్ చాలు. అది లేకపోతే లిబ్రే ఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది, అందులోనూ సాల్వర్ (పెట్టిన షరతులకు సరిపోయే అంకెలు వెతికిపెట్టే సాధనం) ఉంది. లక్షల సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చేవాళ్లను ఇంకో ఏడాది తర్వాత రమ్మనండి. మీకు నిజంగా కొరత ఉన్నది లెక్కకు కావాల్సిన సమాచారం. మీ రిజిస్టర్‌లో అడ్మిషన్ తేదీ, డిశ్చార్జ్ తేదీ ఉంటాయి గానీ గంటలు ఉండవు. మీ ఇబ్బంది అంతా గంటల్లోనే ఉంది.

మీరు రాసిన అంకెలతోనే మొదలుపెడదాం. రోజుకు 9 మంది వచ్చి, ఒక్కొక్కరూ 4 రోజులు ఉంటే వార్డులో సగటున 9 × 4 = 36 మంది ఉంటారు. దీన్ని లిటిల్ సూత్రం అంటారు. 40 బెడ్లకు 36 మంది, అంటే 90 శాతం. ఈ లెక్క చూసి యాజమాన్యాలు రెండు రకాలుగా పొరబడతాయి. ఒకరు ఇంకా 10 శాతం ఖాళీ ఉంది కదా అని ఊరుకుంటారు. ఇంకొకరు నిండిపోయిందని కంగారుపడి 15 బెడ్లు వేస్తారు. 36 అనేది సగటు మాత్రమే. రోజూ సరిగ్గా 9 మందే రారు. ఒకరోజు 5, ఒకరోజు 14. వచ్చేవాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకుని రారు కాబట్టి, వార్డులో ఉండే సంఖ్య 36కు అటూ ఇటూ ఆరుగురు ఊగడం మామూలే. 36కు వర్గమూలం 6, ఆ ఊగిసలాట కొలత అదే.

ఈ ఊగిసలాటలో ఎంతమందికి బెడ్ దొరకదో చెప్పే సూత్రం వందేళ్ల పైమాటే. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ప్రచురించాడు. లైన్లన్నీ బిజీగా ఉన్నప్పుడు ఎన్ని కాల్స్ కలవకుండా పోతాయన్నది ఆయన ప్రశ్న. లైను బదులు బెడ్ అనుకోండి. ఎక్సెల్‌లో చేయడం తేలిక. ఒక నిలువు వరుసలో 0, 1, 2 అంటూ బెడ్ల సంఖ్య వేయండి. పక్క వరుసలో 0 ఎదురుగా 1 వేయండి. తర్వాత ప్రతి గడిలోనూ ఒకటే లెక్క: లోడ్‌ను పై గడిలోని అంకెతో గుణించండి, వచ్చినదాన్ని (బెడ్ల సంఖ్య + అదే గుణకారం)తో భాగించండి. లోడ్ అంటే పైన వచ్చిన 36. సరిచూసుకోవడానికి లోడ్ 6 వేసి చూడండి. ఒక బెడ్‌కు 0.857, రెండు బెడ్లకు 0.72, ఎనిమిదికి 0.122 వస్తే మీ షీటు సరిగా ఉన్నట్టే. ఇందులో ఒక సదుపాయం ఉంది. పేషెంట్లు ఒకరు రెండు రోజులు, ఇంకొకరు ఇరవై రోజులు ఉన్నా ఫలితం మారదు, సగటు సరిగా ఉంటే చాలు. మారేది రాకల విషయంలోనే. ఎమర్జెన్సీలా ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవాళ్లకు ఈ సూత్రం నప్పుతుంది, ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లకు నప్పదు.

లోడ్ 36, బెడ్లు 40 వేస్తే 0.0654 వస్తుంది. అంటే వందలో ఆరేడుగురికి, మీ లెక్కన వారానికి నలుగురికి బెడ్ లేదు. ఇది బెడ్ లేకపోతే వేరే ఆసుపత్రికి వెళ్లిపోతారనుకునే లెక్క. ఎవరూ వెళ్లకుండా స్ట్రెచర్ మీదే కాచుకుంటారనుకుంటే సూత్రం మారుతుంది, వందలో 40 మందికి పైగా ఎంతో కొంతసేపు వేచి ఉండాలి. మీ వాస్తవం ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. గద్వాల నుంచో రాయచూరు నుంచో అంబులెన్సులో వచ్చినవాళ్లు మరో చోటికి పోవడానికి జంకుతారు, ఊళ్లోవాళ్లు పక్క వీధికి వెళ్లిపోతారు.

ఇప్పుడు అసలు విషయం. మీకు మధ్యాహ్నం బెడ్ దొరకడం లేదు, రాత్రికి ఖాళీ ఉంటోంది. ఇది బెడ్లు సరిపోని వార్డు లక్షణం కాదు, డిశ్చార్జ్ ఆలస్యమయ్యే వార్డు లక్షణం. ఒక్క పేషెంట్ వెంట నడిచి చూడండి. ఉదయం తొమ్మిదిన్నరకు రౌండ్స్‌లో డాక్టర్ గారు "ఈరోజు ఇంటికి పోవచ్చు" అంటారు. డ్యూటీ డాక్టర్ ఓపీలో ఇరుక్కుని డిశ్చార్జ్ సమ్మరీ పన్నెండున్నరకు రాస్తారు. వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లి, లెక్క సరిపోయి, క్రెడిట్ పడేసరికి రెండు. అప్పుడు బిల్లు. ఇన్సూరెన్స్ అయితే అక్కడి నుంచి ఫైనల్ అప్రూవల్ కోసం ఎదురుచూపు. ఆరున్నరకు బెడ్ ఖాళీ అవుతుంది. కొత్త అడ్మిషన్లు ఓపీ నుంచి ఎక్కువగా పదకొండుకూ రెండుకూ మధ్య వస్తాయి. ఆ నాలుగైదు గంటలూ ఒకే బెడ్‌కు ఇద్దరు పేషెంట్లు. రాత్రి పన్నెండు గంటల సెన్సస్‌లో ఇది కనబడదు. అందుకే రాత్రి లెక్కతో పాటు ఉదయం పదకొండుకూ, సాయంత్రం ఆరుకూ కూడా తలలు లెక్కపెట్టండి.

పేషెంట్ బెడ్ మీద ఉండే కాలంలో ఆరు గంటలు తగ్గించారనుకోండి. 4 రోజులు 3.75 అవుతుంది, లోడ్ 33.75. అవే 40 బెడ్లకు 0.0654 కాస్తా 0.042 అవుతుంది. వారానికి నలుగురి బదులు ఇద్దరు ముగ్గురు. కాచుకునే లెక్కలో చూస్తే 40కి పైగా ఉన్నది 22కు దిగుతుంది. ఇది రెండు కొత్త బెడ్లు వేసినదానికంటే కొంచెం మెరుగు, నర్సుల జీతం అదనంగా లేదు. మధ్యాహ్నపు రద్దీకి సరిగ్గా ఆ గంటల్లోనే బెడ్లు దొరకడం వల్ల వచ్చే లాభం ఈ సూత్రంలో లేదు, అది దీనికి అదనం.

ఆరు గంటలు ఎక్కడ దొరుకుతాయి? "రేపు వెళ్లేవాళ్ల" జాబితా ముందురోజు సాయంత్రం ఆరుకే తయారు కావాలి. నైట్ డ్యూటీ డాక్టర్ సమ్మరీ ముసాయిదా రాసిపెట్టాలి, పొద్దున రిపోర్టు చూసి ఒక్క లైను కలిపితే సరిపోవాలి. ఆ బెడ్లకు కొత్త మందుల ఇండెంట్ సాయంత్రం నుంచి ఒక్క పూటకే పెట్టాలి, వాపసుల తలనొప్పి సగం పోతుంది. రౌండ్స్‌లో ముందు సీరియస్ వాళ్లు, వెంటనే వెళ్లేవాళ్లు, ఆ తర్వాతే మిగిలినవాళ్లు. ఇన్సూరెన్స్ ఫైనల్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. ఆ గడియారం మీరు పంపినప్పటి నుంచి మొదలవుతుంది, డాక్టర్ చెప్పినప్పటి నుంచి కాదు. రెండుకు పంపితే ఐదు, పదికి పంపితే ఒంటిగంట. ఇక ఖాళీ అయిన బెడ్ సిద్ధం కావడం. ఆయాలు, శుభ్రం చేసేవాళ్లు రెండు గంటలకు డ్యూటీ మారతారు. ఒకటిన్నరకు ఖాళీ అయిన బెడ్‌ను వెళ్లేవాళ్లు ముట్టుకోరు, వచ్చేవాళ్లు మూడు దాకా చూడరు. ఇద్దరి డ్యూటీ మార్పును అరగంట ఎడంగా పెడితే ఇది పోతుంది.

ఒకటి మాత్రం ఎక్సెల్‌కు లొంగదు. మంగళవారం, శుక్రవారం, అమావాస్య అంటే చాలామంది ఇంటికి కదలరు, కదిలినా రాహుకాలం దాటాలంటారు. వాదించకండి. సోమవారం, గురువారం జాబితాలు వేసేటప్పుడే బంధువులను అడగండి, రేపటికి ఉంటే బిల్లు ఎంతవుతుందో కూడా చెప్పండి. డిశ్చార్జ్ అయ్యాక కూర్చోవడానికి ఫ్యాన్, మంచినీళ్లు ఉన్న ఒక గది, పది కుర్చీలు ఉంటే బెడ్ వదలడానికి ఒప్పుకుంటారు.

వార్డును ముక్కలు చేయడం గురించి కూడా ఒక మాట. 40 బెడ్లనూ ఆడ 20, మగ 20 అని గోడ కట్టినట్టు విడదీస్తే, ఒక్కోదానికి లోడ్ 18. షీటులో వేయండి: 0.109 వస్తుంది. వందలో ఆరేడుగురి బదులు పదకొండు మంది. అవే బెడ్లు, అదే పేషెంట్లు. ఒక పక్క ఖాళీ ఉన్నా రెండో పక్కవాళ్లకు పనికిరాకపోవడమే కారణం. విభాగాల పేరిట "ఇవి ఆర్థో బెడ్లు, అవి మెడిసిన్ బెడ్లు" అని పట్టుబట్టే డాక్టర్లకు ఈ అంకె చూపించండి. ఆడ, మగ వేరుగా ఉండక తప్పదు. కానీ మధ్యలో ఆరు బెడ్లు తలుపులున్న గదులుగా ఉంచుకుంటే, ఆరోజు అవసరాన్ని బట్టి అటో ఇటో తిప్పుకోవచ్చు.

ఐసీయూ కథ దీనికి తలకిందులు. 8 బెడ్లు, రోజుకు ఇద్దరు, సగటున 3 రోజులు అనుకుందాం (మీ అంకెలు మీరు వేసుకోండి). లోడ్ 6, అంటే 75 శాతమే. వార్డు 90 శాతం దగ్గర ఉంటే ఇది తీరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది. కానీ ఫలితం 0.122, నెలకు ఏడుగురు ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు చోటు లేదు. చిన్న యూనిట్లకు ఈ శాపం ఎప్పుడూ ఉంటుంది. "85 శాతం నిండితే మంచిది" లాంటి ఒకే అంకెను వార్డుకూ ఐసీయూకూ అంటగట్టే కన్సల్టెంట్లను నమ్మకండి. పైగా మీ రిజిస్టర్ చూపే రాకలు నిజమైన రాకల కంటే తక్కువ. తిప్పి పంపినవాళ్ల పేరు ఎవరూ రాయరు కదా. క్యాజువాలిటీలో ఒక నోటుబుక్ పెట్టండి: తేదీ, టైము, ఏ బెడ్ కావాలి, ఎక్కడికి పంపారు. ఫోన్ చేసి "బెడ్ ఉందా" అని అడిగి లేదనిపించుకున్న 108 వాళ్లనూ రాయండి. మూడు నెలల్లో ఆ పుస్తకం ఆసుపత్రిలోకెల్లా విలువైన కాగితం అవుతుంది.

ఆది, సోమ, మంగళవారాల రద్దీకి కారణం మీ ఉత్తరంలో లేదు గానీ, హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఆదివారం వచ్చే సర్జన్ ఉన్నారేమో చూడండి. ఆయన చేసే ఐదు ఆపరేషన్లలో ముగ్గురికి రెండు రాత్రులు ఐసీయూ కావాలంటే, మంగళవారం పొద్దుటి దాకా ఎమర్జెన్సీకి మిగిలేవి 5 బెడ్లే. ఎమర్జెన్సీ లోడ్ దాదాపు 5.1, బెడ్లు 5 వేసి చూస్తే, ఆ రెండు రోజులూ వచ్చేవాళ్లలో పావు వంతుకు పైగా వెనక్కి పోతారు. గురువారం అవే బెడ్లు ఖాళీగా ఉంటాయి. ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీల కంటే ముందే తెలిసిన ఆపరేషన్లే ఎక్కువ ఒడుదొడుకులు తెస్తాయి, ఎందుకంటే తేదీలు పేషెంట్ అవసరాన్ని బట్టి కాక డాక్టర్ రైలు టైమును బట్టి పడతాయి. ఆయన్ను నెలలో రెండు ఆదివారాలు, రెండు బుధవారాలు రమ్మని అడగండి. కుదరకపోతే ఐసీయూ కావాల్సినవి రోజుకు రెండే అని పరిమితి పెట్టండి. లేదా ఆపరేషన్ థియేటర్ పక్కన మానిటర్లతో రెండు రికవరీ బెడ్లు ఏర్పాటు చేయండి, మొదటి రాత్రి అక్కడే గడిచిపోతుంది.

క్యాలెండర్ చెప్పే రద్దీ ఇంకా ఉంది. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవంలో, ఆ కర్రల సమరంలో, తలలు పగిలినవాళ్లు ఏటా ఉంటారు. ఆ మర్నాడు న్యూరోసర్జరీ ఎలెక్టివ్ (ముందే తేదీ ఇచ్చిన) కేసులు పెట్టుకోవడం తెలిసి చేసే తప్పు. ఆగస్టు నుంచి నవంబరు దాకా డెంగ్యూ, మలేరియా జ్వరాలు, వానలకు పాముకాట్లు. అందుకే ఏడాది మొత్తానికి ఒకే సగటు వేయకండి, మూడు కాలాలకు మూడు షీట్లు వేయండి. జ్వరాల కాలంలో రోజుకు 11 మంది వస్తే లోడ్ 44, మీ 40 దాటిపోయింది, అప్పుడు ఏ తెలివీ పనిచేయదు. పై అంతస్తు ఉపయోగపడేది అక్కడే: నాలుగు నెలలు తెరిచి, తర్వాత తాళం వేసే 10 బెడ్ల జ్వరాల వార్డుగా. ఏడాది పొడవునా 15 బెడ్లుగా వద్దు. మామూలు రోజుల్లో 36 మందికి 55 బెడ్లంటే మూడో వంతు ఖాళీగా ఉంటుంది, జీతాలు మాత్రం ఖాళీగా ఉండవు.

ఇక నర్సుల సంగతి. మీ దగ్గర ఎందుకు డబుల్ డ్యూటీలు పడుతున్నాయో ఒక్క లెక్కతో తేలుతుంది. ఆరుగురికి ఒకరు చొప్పున పొద్దున 7, మధ్యాహ్నం 6, రాత్రికి కొంచెం తగ్గించి 4 అనుకుందాం, ఒక్కోటి ఎనిమిది గంటల షిఫ్టు. రోజుకు 17 షిఫ్టులు, ఏడాదికి 6,205. చాలా చోట్ల 17 మందిని తీసుకుని, సెలవులకు ఇద్దరిని కలిపి 19 అంటారు. ఒక నర్సు ఏడాదికి ఎన్ని షిఫ్టులు చేయగలదు? 365లో వీక్ ఆఫ్‌లు 52 తీస్తే 313. సీఎల్ 12, ఈఎల్ 15, పండుగలు 8, జబ్బులూ శిక్షణలూ 8 తీస్తే 270. 6,205ను 270తో భాగిస్తే 23. పందొమ్మిది మందితో నడిపితే ఏడాదికి 1,075 షిఫ్టులు, అంటే రోజుకు దాదాపు మూడు, ఎవరో ఒకరి నెత్తిన డబుల్ డ్యూటీగా పడతాయి. అది ఎవరి బద్ధకమూ కాదు, ఇంచార్జి సిస్టర్ చేతగానితనమూ కాదు.

23 కూడా అందరూ ఉద్యోగంలో ఉన్నప్పటి మాట. ఏడాదికి ఆరుగురు మానేసి, ఒక్కో ఖాళీ నిండడానికి రెండు నెలలు, కొత్తమ్మాయి ఒంటరిగా డ్యూటీ చేయడానికి ఒక నెల పడితే 18 నెలలు, అంటే ఒకటిన్నర మనిషి. ప్రసూతి సెలవు 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. మీ నర్సులు ఎక్కువమంది పాతికేళ్లవాళ్లే అయితే ఏడాదికి ఇద్దరు ఆ సెలవులో ఉంటారనుకోండి, ఇంకో మనిషి. 26 మందిని అడగండి. యాజమాన్యం 19కి, 26కి తేడా చూసి ఉలిక్కిపడుతుంది. డబుల్ డ్యూటీ అలవెన్సులు, మానేసినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లకు అయ్యే ఖర్చు పక్కనే రాసి చూపించండి.

డ్యూటీ చార్ట్ విషయంలోనే సాల్వర్ పనికొస్తుంది. ఉదయం షిఫ్టుకు అన్ని రోజులూ ఒకే సంఖ్య అక్కర్లేదు. మీ అడ్మిషన్లు చూసుకుని సోమ, మంగళ 8, ఆదివారం 5, మిగతా రోజులు 7 అనుకుంటే వారానికి 49. ఒక్కొక్కరూ ఆరు రోజులు చేస్తే 9 మందితో సరిపోతుంది. అన్ని రోజులూ 8 కావాలని కూర్చుంటే 56, అప్పుడు 10 మంది కావాలి. సాల్వర్‌కు ఏడు అంకెలు కనుక్కోమనండి: ఏ రోజు వీక్ ఆఫ్ ఎంతమందికి. షరతులు కూడా ఏడే: ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లు కావాల్సినదానికి తగ్గకూడదు. పూర్ణ సంఖ్యలే రావాలన్న షరతు పెట్టడం మరవకండి, లేకపోతే మంగళవారం ఒకటిన్నర మనిషికి సెలవిస్తుంది. నైట్ చేసిన మర్నాడు పొద్దున డ్యూటీ వేయకూడదు, వరుసగా నాలుగు నైట్లు మించకూడదు, ప్రతి షిఫ్టులో రెండేళ్లు దాటిన అనుభవం ఉన్నవాళ్లు ఒకరైనా ఉండాలి. ఇవి తప్పనిసరి షరతులు. క్రిస్మస్, రంజాన్, ఉగాది కోరికలు వీలైనంత మేరకు. కోరికలను కూడా తప్పనిసరి చేస్తే సాల్వర్ పరిష్కారం లేదని చేతులెత్తేస్తుంది, జనం మాత్రం కంప్యూటర్ చెడిపోయిందంటారు. చార్ట్ కనీసం రెండు వారాల ముందు గోడకు పెట్టండి. పరస్పరం మార్చుకోవడానికి అనుమతి ఇవ్వండి, ఇంచార్జి సంతకంతో. ఆమెను పక్కన కూర్చోబెట్టుకోకుండా చేసిన చార్ట్ మొదటి వారమే చిరిగిపోతుంది, ఎందుకంటే ఎవరెవరు ఒకే ఆటోలో వస్తారో ఆమెకే తెలుసు.

కాబట్టి ముందు ఎనిమిది వారాలు గంటలు రాయండి: బెడ్ అడిగిన టైము, ఇచ్చిన టైము, "పోవచ్చు" అన్న టైము, బెడ్ వదిలిన టైము, సిద్ధమైన టైము. ఆ ఎనిమిది వారాల్లోనే డిశ్చార్జ్ జాబితా మొదలుపెట్టండి. సర్జన్‌తో మాట్లాడండి. నర్సుల నియామకం దేనికోసమూ ఆగకూడదు, ఈరోజే మొదలు కావాలి. వీటన్నిటి తర్వాత కూడా నోటుబుక్‌లో ఐసీయూ కోసం తిప్పి పంపినవాళ్లు నెలకు ఐదారుగురు కనబడితే, అప్పుడు బెడ్లు అడగండి, వార్డుకు కాదు, ఐసీయూకు. 8ని 10 చేస్తే 0.122 కాస్తా 0.043కు దిగుతుంది, ఏడుగురి బదులు ఇద్దరు ముగ్గురు. ఆ రెండు బెడ్లకు షిఫ్టుకు ఒక నర్సు చొప్పున ఏడాదికి 1,095 షిఫ్టులు, నలుగురు నర్సులు. రెండింటి మీదా వెంటిలేటర్లు ఉంటే బెడ్‌కు ఒకరు, ఎనిమిది మంది. అదే పై అంతస్తు 15 బెడ్లకైతే 3, 3, 2 చొప్పున రోజుకు ఎనిమిది షిఫ్టులు, పదకొండు మంది. బెడ్ల ప్రతిపాదన, నర్సుల ప్రతిపాదన ఒకే కాగితం మీద, ఒకే సంతకం కింద పెట్టించండి. విడివిడిగా పెడితే బెడ్లు మంజూరవుతాయి, నర్సుల ఫైలు "తర్వాత చూద్దాం" అని పక్కకు పోతుంది.